43 అడుగుల చెక్క ట్రాలరు: డెక్కు మీద పనిని మార్చే తీరు

విశాఖ చేపల రేవులో కట్టేసి ఉన్న చెక్క ట్రాలర్లను, అంటే వలను సముద్రంలో ఈడ్చే బోట్లను, వరసగా చూస్తూ పోతే రంగులు మారతాయి, పేర్లు మారతాయి, డెక్కు మాత్రం దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు డ్రైవరు గది, దాని కింద ఇంజను, గది వెనక వలను లాగే ఇనప వైరును చుట్టే వించి, ఆ వెనక నాలుగడుగులు వేయడానికి సరిపడా ఖాళీ, దాని కింద ఐసులో చేపలు దాచే గది (హోల్డు), బోటు వెనక కొస అమరంలో వల నోరు తెరిచి ఉంచే బోర్డులు వేలాడే చట్రం (గ్యాలోస్). కళాసీల వేళ్లు, వెన్ను, ప్రాణం పోకుండా ఈ డెక్కును ఎలా మార్చుకోవచ్చో ఇక్కడ చూద్దాం. చూసేది ఒకానొక బోటును కాదు, ఈ అచ్చును. పొడవు 43 అడుగులు, వెడల్పు 4 మీటర్లు, మనుషులు ఏడెనిమిది మంది, ట్రిప్పు పది పదిహేను రోజులు. కింది కొలతలు ఈ నమూనాకు వేసుకున్నవి. మీ బోటుకు టేపు పెట్టి కొలుచుకుని సరిచేసుకోవాలి.

ఈ మార్పులు చేయడానికి దొరికే సమయం తూర్పు తీరంలో వేట నిషేధం ఉండే 61 రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. వడ్రంగి, వెల్డింగు షాపు, ఇంజను మెకానిక్ ముగ్గురికీ అప్పుడే ఊపిరాడదు కాబట్టి నిజానికి చేతికొచ్చేది అందులో సగమే.

మొదట ఒక షరతు పెట్టుకోవాలి. బోటు మీద పనిచేసే కళాసీకి దక్కేది నెల జీతం కాదు, వేటలో వాటా. పనిని నెమ్మదింపజేసే రక్షణ ఏర్పాటును సముద్రంలో ఎవరూ ఉంచరు. రెండో ట్రిప్పుకల్లా స్పానరుతో విప్పి ఓ మూల పడేస్తారు. అందుకే కిందున్న ప్రతి మార్పునూ ఒకటే ప్రశ్నతో తూచాలి: దీనివల్ల వల లాగడానికి ఒక్క నిమిషమైనా ఎక్కువ పడుతుందా? పడితే అది పనికిరాదు, ఇంకో దారి వెతకాలి.

వించి

ఈ బోట్ల వించికి వేరే మోటారు ఉండదు. ప్రధాన ఇంజను నుంచే షాఫ్టు, చైను మీదుగా తిరుగుతుంది. రెండు డ్రమ్ముల మీద వైరు, రెండు చివర్లలో తాడు చుట్టి లాగడానికి ఖాళీ డ్రమ్ములు. కూలింగు లేదు, మీటరు లేదు, ఆపే బటన్ అంతకన్నా లేదు. క్లచ్ లీవరు, బ్రేకు పట్టీ, మనిషి చెయ్యి, అంతే.

వేళ్లు పోయేది ఎక్కువగా వైరును సర్దే చోట. డ్రమ్ము మీద వైరు వరసగా చుట్టుకోకుండా ఒకే చోట గుట్టపడుతుంది కాబట్టి ఎవరో ఒకరు ఇనపకడ్డీతోనో, కాలితోనో, ఒక్కోసారి వట్టి చేత్తోనో పక్కకు నెడుతుంటారు. దీన్ని కళాసీ నిర్లక్ష్యం అనడం తేలిక. కారణం లెక్కలో ఉంది. నున్నటి డ్రమ్ము మీద వైరు తనంతట తాను వరసగా కూర్చోవాలంటే డ్రమ్ము మధ్య గీతకూ వైరుకూ మధ్య కోణం ఒకటిన్నర డిగ్రీ దాటకూడదు. డ్రమ్ము సగం వెడల్పు 20 సెం.మీ. అనుకుంటే, ఎదురుగా ఉన్న మొదటి కప్పీ 7.6 మీటర్ల దూరంలో ఉండాలి. మన డెక్కు మీద ఆ దూరం మూడున్నర మీటర్లు. అంటే కోణం మూడు డిగ్రీలకు పైమాటే. ఆ డెక్కు మీద ఎంత జాగ్రత్తపరుడైనా వైరును నెట్టక తప్పదు. నెట్టడం మానమని బోర్డు రాసి పెడితే ఏం లాభం?

చేయాల్సింది నెట్టే చేతిని దూరం జరపడం. డ్రమ్ముకు ముందు 60 సెం.మీ. దూరంలో, తొడ ఎత్తున, అడ్డంగా రెండు పైపులు. వాటి మధ్య పక్కలకు జరిగే నిలువు రోలర్ల జత, ఆ రోలర్లకు ఒక మీటరు పొడవు పిడి. వైరు రోలర్ల మధ్యగా పోతుంది, మనిషి పక్కన నిలబడి పిడిని అటూ ఇటూ తోస్తాడు. ఇది నిలిచే మార్పు. కడ్డీతో నెట్టడం కన్నా బలం తక్కువ పడుతుంది, వైరు నున్నగా చుట్టుకుంటుంది, తర్వాత వల వదిలేటప్పుడు చిక్కుపడదు. చెడిపోయేది రోలర్ల లోపల ఇరుసు చుట్టూ ఉండే తొడుగు, బుష్. ఉప్పునీటికి ఇనప బుష్ పట్టేస్తుంది, రోలరు తిరగడం మానేస్తుంది, వైరు దాన్ని రంపంలా కోస్తుంది. నైలాన్ బుష్ వేసి, ట్రిప్పుకోసారి గ్రీజు పెట్టాలి.

రెండోది చైను. పళ్ల చక్రం, చైను, షాఫ్టు చివర బోల్టు, మూడింటినీ కప్పేలా రేకు తొడుగు కావాలి. తొడుగును నాలుగు బోల్టులతో బిగిస్తే చైను బిగించాల్సిన మొదటి రోజే అది ఊడి మళ్లీ ఎక్కదు. ఒక వైపు కీలు, ఇంకో వైపు చేత్తో తిప్పే రెక్క నట్టు పెట్టండి. అడుగున రెండు అంగుళాలు ఖాళీ వదలాలి, లేకపోతే చేపల పొలుసూ తాళ్ల పీచూ లోపల పేరుకుపోతాయి.

మూడోది, అన్నిటికన్నా కష్టమైనది, వించిని ఉన్నపళంగా ఆపడం. అలాస్కాలో వలయాకారపు వలలు వేసే బోట్ల కోసం పనిచోట భద్రతను చూసే అమెరికా సంస్థ నియోష్ ఒక పద్ధతి తయారు చేసింది. తాడు చుట్టి లాగే డ్రమ్ము (క్యాప్‌స్టన్) నెత్తినే ఆపే బటన్ పెట్టారు, తాడులో చిక్కుకున్న మనిషికి అందే చోట. నొక్కగానే కరెంటుతో నడిచే వాల్వు హైడ్రాలిక్ నూనెను ఆపేస్తుంది, డ్రమ్ము అక్కడికక్కడే నిలుస్తుంది. మీ వించి హైడ్రాలిక్ అయితే ఆ దారి పట్టండి. చైనుతో తిరిగే వించికి అది కుదరదు.

చైను వించిలో క్లచ్ లీవరు లాగితే ఆగుతుంది కదా అనిపిస్తుంది. బరువు మీద ఉన్నప్పుడు క్లచ్ పళ్లు ఒకదాన్నొకటి కొరికి పట్టుకుని ఉంటాయి, ఎంత లాగినా విడవవు. వల బరువుగా ఉన్న వేళే ప్రమాదం, ఆ వేళే క్లచ్ మొరాయిస్తుంది. కాబట్టి ముందు ఇంజను నుంచి వచ్చే బలం తగ్గాలి. డీజిలు పంపుకు ఉన్న స్టాప్ లీవరుకు రెండో కేబులు తగిలించి, వించి ముందు రొమ్ము ఎత్తున అడ్డంగా ఎర్ర తాడు కట్టాలి. ఎక్కడ లాగినా, మీద పడినా సరే, డీజిలు తెగాలి. క్రమం ఇలా ఉంటుంది: డీజిలు తెగుతుంది, మనిషి బ్రేకు పట్టీ వేస్తాడు, ఆ తర్వాతే క్లచ్ విడిపిస్తాడు. బ్రేకు వేయకుండా క్లచ్ విడిపిస్తే బోర్డుల బరువుకు డ్రమ్ము వెనక్కి తిరిగి వైరు బయటికి పరిగెడుతుంది, చిక్కుకున్న చెయ్యి రెండోసారి నలుగుతుంది.

డ్రైవర్ల అభ్యంతరం ఒకటి ఎప్పుడూ ఉంటుంది: నడిసముద్రంలో ఇంజను ఆగితే ఎలా అని. న్యాయమైన ప్రశ్నే. ఆ క్షణంలో బోర్డులు, వల అడుగున ఉండి లంగరులా పట్టుకుంటాయి కాబట్టి బోటు వెంటనే అడ్డం తిరగదు. కానీ బ్యాటరీ బాగుండి ఒక్క కీతో ఇంజను మళ్లీ అందుకోవాలి. బ్యాటరీ సరిగా లేని బోటులో ఈ తాడు కట్టొద్దు, ముందు బ్యాటరీ మార్చండి. కేబులు స్టెయిన్‌లెస్ వైరుదై ఉండాలి. రోజూ మొదటి లాగుడుకు ముందు ఒకసారి లాగి చూడాలి. నెల రోజులు ఎవరూ ముట్టుకోని కేబులు అవసరమైన రోజున కదలదు.

వించి దగ్గర నిలబడేవాడి ఒంటి మీద వేలాడేదేదీ ఉండకూడదు. లుంగీ, మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా, నడుముకు కట్టిన తాడు ముక్క, ఏదైనా సరే. గ్లవుజుల విషయంలో మాత్రం కాస్త ఆలోచించాలి. వైరులో తెగిన పోగులు సూదుల్లా పొడుచుకొస్తాయి, అవే గ్లవుజును పట్టుకుని చేతిని లోపలికి లాగుతాయి. డ్రమ్ము దగ్గర వదులు గ్లవుజు కన్నా వట్టి చెయ్యే నయం. వైరు పోగులు లేచిన చోట కత్తిరించి చుట్టేయడం ఇంకా నయం.

వల చివర చేపలు చేరే సంచి పైకొచ్చాక ఒక చిన్న మార్పు ఖర్చు లేకుండా అవుతుంది. సంచి అడుగున ముడి విప్పడానికి మనిషి సరిగ్గా ఆ బరువు కిందికే వెళ్తాడు. ముడి తాడు తోకను రెండు మీటర్లు పొడుగ్గా వదిలితే పక్కన నిలబడి లాగొచ్చు.

హోల్డు నోరు

వెన్ను పోయేది ఇక్కడ. రేవులో దింపేటప్పుడు కింద ఒకడు చేపల గంప పైకెత్తి అందిస్తాడు, పైన ఒకడు వంగి, డెక్కు మట్టానికి వచ్చిన గంపను దూరంగా చేతులు చాపి అందుకుని, సగం తిరిగి పక్కన పెడతాడు. నిమిషానికి రెండు, దాదాపు రెండు గంటలు. నియోష్ బరువుల సూత్రంలో 23 కిలోలు మొదలు. అనుకూలత తగ్గిన ప్రతి చోటా దాన్ని తగ్గిస్తూ పోతారు. పైనున్న మనిషి లెక్క ఇది.

చేతులు ఒంటికి 50 సెం.మీ. దూరం: 0.5. పట్టు నేల మట్టాన: 0.775. ఎత్తాల్సిన దూరం 75 సెం.మీ.: 0.88. నడుము 45 డిగ్రీలు తిరగడం: 0.856. నిమిషానికి రెండు, రెండు గంటల లోపు: 0.84. గంపకు సరైన పిడి లేదు: 0.90. 23ను వీటన్నిటితో గుణిస్తే వచ్చేది 5 కిలోలు. గంప 30 కిలోలు. మోయదగ్గ దానికి ఆరింతలు.

ఇప్పుడు అదే పని, నోటి గట్టు పక్కన 75 సెం.మీ. ఎత్తు బల్ల పెట్టి, కప్పీతో ట్రే నేరుగా బల్ల ఎత్తుకు వచ్చేలా చేస్తే: చేతులు 30 సెం.మీ. దూరం, నడుము తిరగడం లేదు, ట్రేకు రెండు వైపులా పిడి. ఫలితం 16 కిలోలు. 25 కిలోల ట్రే ఇప్పటికీ ఎక్కువే, కానీ ఆరింతలు కాస్తా ఒకటిన్నర రెట్లయింది. గంపను సగం నింపి 15 కిలోలు చేయమంటే కళాసీలు ఒప్పుకోరు, గంపల సంఖ్య రెట్టింపవుతుంది కదా. 25 కిలోల ట్రేను బల్ల మీద నుంచి ఇద్దరు పట్టుకోవడం ఆచరణలో కుదిరేది.

ఈ సూత్రం కదలని, జారని నేల మీద చేసే పనికే వర్తిస్తుంది. రేవులో కట్టేసిన బోటుకు సరిపోతుంది. ఊగుతున్న డెక్కు మీద అసలు పరిమితి ఇంకా తక్కువ.

కప్పీ సంగతి: హోల్డు నోటికి నిట్టనిలువుగా పైన, కనీసం 250 కిలోలు మోసే కొక్కెం. చేప బరువు 30 కిలోలే అయినా కాలు జారిన మనిషి తాడునే పట్టుకుంటాడు. ఒంటి కప్పీతో లాగితే బరువు తగ్గదు, కానీ వంగి ఎత్తే బదులు నిలబడి ఒంటి బరువుతో కిందికి లాగుతాం. జంట కప్పీ వేస్తే బలం సగానికి దగ్గరగా తగ్గుతుంది, తాడు మాత్రం రెండింతలు లాగాలి. దింపుడు కూలీలకు ఒంటి కప్పీయే నచ్చుతుంది, వేగం కోసం. వాళ్ల మాటే వినండి.

హోల్డులో చంపేది బరువొక్కటే కాదు. చివరి రోజుల్లో ఐసు తగ్గాక, మేత ఫ్యాక్టరీకి పోయే చెత్త చేప అడుగున కుళ్లుతుంది. మూత బిగించి ఉన్న గదిలో ఆక్సిజన్ తగ్గుతుంది, కుళ్లిన గుడ్ల వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది. ఆ వాసనను నమ్ముకోలేం. మోతాదు 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 100 వంతులు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ప్రాణానికి తక్షణ ముప్పుగా నియోష్ పెట్టిన హద్దు కూడా అదే. గాలి కన్నా బరువైన వాయువు కాబట్టి అడుగునే ఉంటుంది. మూత తీసి పైన నిలబడ్డవాడికి అంతా బాగానే అనిపిస్తుంది, దిగి వంగినవాడు పడిపోతాడు, వాణ్ని లాగబోయి దిగినవాడూ పడిపోతాడు.

పద్ధతి: మూత తీశాక 12 వోల్టుల ఫ్యానుకు మెత్తని గొట్టం తగిలించి, గొట్టం చివర హోల్డు అడుగుదాకా దించి, అరగంట గాలి కొట్టాలి. గొట్టం పైనే వేలాడితే పైగాలే తిరుగుతుంది. చేతిలో పట్టే గ్యాస్ మీటరు ఉంటే తాడుకు కట్టి అడుగుదాకా దించి చూడాలి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు. దీపం దించి చూసే పాత అలవాటు ఈ వాయువును పట్టుకోదు, పైగా అది మండే వాయువు. నోటికి గుడ్డ కట్టుకుంటే ఆగదు. దిగేవాడి చంకల కింద తాడు, పైన దాన్ని పట్టుకుని ఒకడు. ఎవరైనా పడితే తాడుతో లాగాలే తప్ప రెండోవాడు దిగకూడదు.

చేపలు ఏరే చోటు

డెక్కు మీద గుట్ట పోసి, గొంతుకూర్చుని రొయ్యను, చేపను వేరు చేస్తారు. నడుము నొప్పికి నిలబడి ఏరే బల్ల మందని కాగితం మీద రాయడం సులువు. ఈ బోటులో అది కుదరదు. డెక్కు పొట్టిది, వల మళ్లీ వేయాలంటే బల్ల అడ్డం, బోటు ఊగినప్పుడు నిలబడ్డవాడి కాళ్లు ఇంకా త్వరగా అలుస్తాయి, తడి సరుకు బరువు పైకి పోతుంది. పనికొచ్చేది మధ్యే మార్గం. 35 సెం.మీ. ఎత్తు పీట, 50 సెం.మీ. ఎత్తున అంచులున్న పళ్లెం లాంటి బల్ల, నాలుగు మడత కాళ్లు. అంచు పది సెం.మీ., ఒక వైపు నీళ్లు పోయే గాటు. గుట్టను చేత్తో కాకుండా పారతో కొద్దికొద్దిగా బల్ల మీదికి లాగాలి.

పారతో లాగడానికి ఇంకో కారణం టేకు, జెల్ల చేపలు. టేకు తోక ముల్లు, జెల్ల రెక్కల ముళ్లు గుట్ట లోపల కనిపించవు. గుచ్చుకుంటే ముల్లు ముక్కలు పైకి ఉంటే తీసి, కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 40 నుంచి 45 డిగ్రీల్లో, అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచాలి. వేడికి విషం విరుగుతుంది. నొప్పితో ఉన్న చేతికి వేడి తెలియదు కాబట్టి మొదట బాగున్న చేతితో చూడాలి. రొమ్ములోనో కడుపులోనో గుచ్చుకుంటే ముల్లు పీకకుండా ఒడ్డుకు తీసుకురావాలి.

జారుడుకు డెక్కంతా పూత వేయనక్కర్లేదు. వించి దగ్గర నిలబడే మీటరు చోటు, అమరంలో బోర్డులు తగిలించే చోటు చాలు. రెజిన్ మీద సన్నటి ఇసుక చల్లాలి. ముతక ఇసుక వలనూ, చెప్పుల్లేని కాళ్లనూ చీరేస్తుంది. రబ్బరు చాప కింద జిగురు పేరుకుని చాపే జారుతుంది. పాత వల ముక్కలు మేకులతో కొడితే బొటనవేళ్లు చిక్కుకుంటాయి.

అమరం అంచున

ఎవరూ రాయరు గానీ, ఈ బోట్లలో మరుగుదొడ్డి ఉండదు. రాత్రి నిద్రలో లేచినవాడు అమరం అంచు మీద ఒక చేత్తో తాడు పట్టుకుని కూర్చుంటాడు. ఇంజను మోతలో పడిన చప్పుడు వినిపించదు. తెల్లారి వల లాగే వేళకు గానీ మనిషి తక్కువని తెలియదు. 60 సెం.మీ. చదరపు అరుగు, మూడు వైపులా 90 సెం.మీ. ఎత్తు పైపు, రెండు పట్టుకొమ్ములు, తలుపు బదులు గొలుసు. వడ్రంగికి ఒక రోజు పని. గ్యాలోస్‌కు అడ్డం రాకుండా ఒక పక్కకు జరపాలి. ఈ మొత్తం జాబితాలో ఒకటే చేసే డబ్బుంటే ఇదే చేయమంటాం.

అమెరికా లెక్కల్లో 2000 నుంచి 2009 దాకా వేటలో చనిపోయిన 504 మందిలో 155 మంది బోటు మీద నుంచి నీళ్లలో పడి పోయినవాళ్లు. ఆ 155 మందిలో ఒక్కరి ఒంటి మీదా లైఫ్ జాకెట్ లేదు. మన బోట్లలో జాకెట్లు ఉంటాయి, మంచాల కింద, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా. మెడ చుట్టూ దళసరిగా ఉండే ఆరెంజ్ జాకెట్‌తో ఎండలో వల లాగలేరు. పలచటి ఫోము పని కోటు వేరే దొరుకుతుంది. అందరికీ రోజంతా అని కాకుండా అమరంలో పనిచేసే ఇద్దరికి, రాత్రి ఒంటరిగా డెక్కు మీదికి వెళ్లేవాడికి అని మొదలుపెడితే నిలుస్తుంది. తేలే తాడు 20 మీటర్లు, చివర రింగు, డ్రైవరు గది వెనక గోడకు వేలాడాలి, పెట్టెలో కాదు. కోస్ట్ గార్డు నంబరు 1554 గది లోపల పెయింటుతో రాయించండి.

నిద్ర

మూడు గంటలు వల ఈడ్చి, ముప్పావు గంట లాగి మళ్లీ వేసి, గంటన్నర ఏరితే, తర్వాతి లాగుడు దాకా మిగిలేది గంటన్నర. రోజంతా ఇలాగే పోతే నిద్ర ముక్కలు ముక్కలు. మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే బోట్లకు అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 188వ ఒప్పందం రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటల విశ్రాంతి అడుగుతుంది. భారత్ దాన్ని ఆమోదించలేదు కాబట్టి మన మీద చట్టబద్ధమైన ఒత్తిడి లేదు. రాత్రి ఒక లాగుడు మానేస్తే ఐదు గంటల ఏకధాటి నిద్ర దొరుకుతుంది. ఓనర్లు దీనికి ఒప్పుకోవడం అరుదు. ఏరే పనిని రెండు జట్లుగా విడగొట్టి, ఒక లాగుడు చేపను ఒక జట్టే ఏరేలా చేస్తే సగం ఫలితమైనా వస్తుంది. డ్రైవరుకు మాత్రం చుక్కాని పట్టగల రెండో మనిషి ఉండి తీరాలి.

నీళ్లలోకి దించాక

అమరంలో అరుగుకు పైపులు, వించికి రోలర్లు, హోల్డు మీద కప్పీ స్తంభం, అన్నీ డెక్కు పైన చేరిన బరువే. అందుకని పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి ఊపు పరీక్ష చేయాలి. గాలి లేని పొద్దున, తాళ్లు వదులు చేసి, గోడకు తగలకుండా, ట్యాంకులు రెండుసార్లూ ఒకే మట్టంలో పెట్టి, నలుగురు మనుషులు ఇటు నుంచి అటు కలిసి అడుగులేసి బోటును ఊపాలి. తర్వాత మధ్యలో నిలబడి, ఒక పక్కకు ఒరిగి మళ్లీ అదే పక్కకు వచ్చేదాకా ఒకటిగా, ఐదు ఊపులకు స్టాప్‌వాచ్ పట్టాలి. ఒక ఊపుకు పట్టే సెకన్లు బోటు వెడల్పు మీటర్ల కన్నా తక్కువుంటే మామూలుగా నిలకడ సరిపోతుంది. మన బోటుకు ఆ హద్దు 4.

మునుపు ఐదు ఊపులకు 17 సెకన్లు పట్టి ఇప్పుడు 20 పడితే, ఒక ఊపు 3.4 నుంచి 4 సెకన్లకు పెరిగింది. వినడానికి కొంచెమే, కానీ నిలకడ అనేది ఊపుకు పట్టే కాలం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి పోయింది పావు వంతుకు పైనే. అప్పుడు కొత్త పైపులను విప్పక్కర్లేదు. డ్రైవరు గది కప్పు మీదున్న నీళ్ల ట్యాంకునూ, దాని పక్కన కట్టిన పాత వలలనూ కిందికి దించి మళ్లీ ఊపి చూడాలి.